కొండ చీపురా, ఈనెల చీపురా, ఈత చీపురా: మీ నేలకు ఏది సరిపోతుంది?

చీపురు కొనడానికి వెళ్తే చాలామంది చూసేవి రెండే: ధర, పిడి లావు. వాటిని నమ్ముకుని కొన్నది తొందరలోనే విప్పారిపోయి మూలన పడుతుంది. ముందు చూసుకోవలసింది మన ఇంటి నేల. అది నున్నగా ఉందా, గరుకుగా ఉందా? దాని మీద నీళ్లు పడతాయా, పడవా? ఈ రెండూ తేల్చుకుంటే ఏ రకం కావాలో తేలిపోతుంది. ఆ రకంలో ఏ చీపురు తీసుకోవాలన్నది మాత్రం కట్టు చూసి తేల్చుకోవాలి. అరిగిపోయి పారేసే చీపుళ్ల కన్నా కట్టు వదిలి పారేసేవే ఎక్కువ.

మన దగ్గర ముఖ్యంగా దొరికేవి మూడు. పాడేరు, అరకు కొండల నుంచి దిగే కొండ చీపురు. కోనసీమలో, శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి ఈనెలతో కట్టే చీపురు, దీన్నే పుల్లల చీపురు అంటాం. తెలంగాణలో, రాయలసీమలో ఈత ఆకుతో చేసే చీపురు. మూడూ ఊడుస్తాయి గానీ ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదు. ఒక్కదానితో ఇల్లూ వాకిలీ నెట్టుకొద్దామనుకుంటే రెండు చోట్లా పని చెడుతుంది, చీపురూ చెడుతుంది.

కొండ చీపురు

ఇది నిజానికి ఒక గడ్డి పూత. కొండవాలుల్లో గుబురుగా, మనిషిని మించి పెరిగే ఈ గడ్డికి వానలు వెనకబట్టాక కంకులు వస్తాయి. సంక్రాంతి రోజుల నుంచి మార్చి దాకా గిరిజనులు ఆ కంకులను కోసి, ఎండబెట్టి, పొడుగును బట్టి ఏరి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, చింతపండు, కుంకుడుకాయ, తేనెతో పాటు ఈ చీపుళ్లనూ వాళ్ల దగ్గర కొంటుంది. ఇదే గడ్డి మేఘాలయ, అస్సాం కొండల్లోనూ విస్తారంగా పెరుగుతుంది. నేపాల్‌లో దీన్ని అమ్రిసో అంటారు, కొండచరియల మట్టి జారిపోకుండా పనిగట్టుకుని నాటుతారు. హైదరాబాద్‌లో ఫూల్ ఝాడూ అని అడిగితే చేతికిచ్చేది కూడా ఇదే.

మార్బుల్, గ్రానైట్, నున్నటి టైల్స్ మీద సన్నటి దుమ్ము ఎత్తడంలో దీనికి సాటి లేదు. ఒక్కో కంకికి లెక్కలేనన్ని సన్న రెమ్మలు, ఆ రెమ్మలకు మళ్లీ చిన్న రెమ్మలు. అవన్నీ నేలకు ఆనుకుని నడుస్తాయి కాబట్టి పిండి లాంటి దుమ్ము కూడా ముందుకు కదులుతుంది. పుల్లల చీపురుతో అదే దుమ్మును ఊడిస్తే పుల్లల సందుల్లోంచి జారి వెనకే ఉండిపోతుంది. వెంట్రుకలను కూడా కొండ చీపురు చక్కగా పోగు చేస్తుంది.

దీని శత్రువులు రెండు. మొదటిది నీళ్లు. తడిస్తే కుచ్చు ముద్దయి అతుక్కుంటుంది, ఆ తడి కట్టులోకి దిగితే లోపల కాడలు కుళ్లి బూజు పడతాయి. రెండోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు: గరుకు నేల. సిమెంటు గచ్చు, డాబా, చెక్కుతీయని నాపరాయి మీద వాడితే మెత్తటి కొసలు అరిగి కొద్ది వారాల్లో మొండి కాడలు మిగులుతాయి. నేల నున్నగా లేనివాళ్లు ఎంత ఖరీదైన కొండ చీపురు కొన్నా డబ్బు దండగే.

కొనేటప్పుడు ముందు రంగు చూడండి. లేత ఆకుపచ్చ కలిసిన పసుపు, లేదా లేత గోధుమ రంగు మంచిది. సరైన అదనులో కోసిన కంకి అలా ఉంటుంది. మరీ ముదిరాక కోసింది నల్లబారి, కొసలు పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే రాలుతుంది. తర్వాత కుచ్చును రెండు చేతులతో విప్పి నడుమ ఏముందో చూడండి. పైన చుట్టూ పొడుగు కంకులు పేర్చి, లోపల పొట్టి కాడలు, పూత లేని ఉత్త పుల్లలు కూరి పిడి లావుగా కనిపించేలా కట్టినవి చాలానే వస్తాయి. మంచి చీపురులో నడుమ కూడా పూత నిండుగా ఉంటుంది. చివరిగా పిడి పట్టుకుని గట్టిగా విదిలించండి. కాడలు గలగలమంటే కట్టు వదులని అర్థం. ప్లాస్టిక్ గొట్టం తొడిగిన పిడి చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపలి కట్టు కనబడనివ్వదు. నా వరకు వెదురు బద్దతోనో, తీగతోనో రెండు మూడు చోట్ల బిగించి, ఆ బిగింపు బయటికి కనిపించే చీపురే ముందు తీసుకుంటాను.

కొత్తలో రాలే పొట్టు గురించి అందరూ విసుక్కుంటారు. అది చీపురు లోపం కాదు, పూత సహజంగా రాల్చే పొట్టు. ఇంట్లోకి తెచ్చే ముందే వాకిట్లో రాయికో గోడకో అటూ ఇటూ తిప్పుతూ బాదండి. పళ్లు ఎడంగా ఉన్న పాత దువ్వెనతో పై నుంచి కొస దాకా దువ్వండి. ఇంకా రాలుతుంటే కుచ్చు వరకు మాత్రం ఒకసారి నీళ్లలో ముంచి, విదిలించి, కొస కిందికి ఉండేలా ఎండలో వేలాడదీయండి. పూర్తిగా ఆరాకే వాడాలి. ఈ పని అమ్మేవాళ్లే చేసి పొట్టు రాలదని చెప్పి కాస్త ఎక్కువ ధరకు ఇస్తారు. ఇంట్లో ఆయాసం, తుమ్ములు ఉన్నవాళ్లుంటే అది కొనుక్కోవడమే మేలు. మిగతావాళ్లు ఇంట్లో బాదుకుంటే చాలు.

ఇంకో మాట. కొత్త పంట సరుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య బజారుకు వస్తుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొని, తడి తగలని గదిలో వేలాడదీసుకుంటే వానాకాలంలో ముక్క వాసన కొట్టే పాత సరుకు కొనే బాధ తప్పుతుంది. పాడేరు, హుకుంపేట, అరకు వైపు ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు సంతలోనే తీసుకోండి. అక్కడ కోసి, ఆరబెట్టి, కట్టినవాళ్లే ఎదురుగా కూర్చుని అమ్ముతారు. ఏ కొండ మీద కోశారో, ఎప్పుడు కోశారో అడిగితే చెబుతారు.

కొబ్బరి ఈనెల చీపురు

వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లే ఇంట్లో ఇది లేకుండా తెల్లవారదు. నీళ్లు తోయాలన్నా, తడిసిన ఆకులు లాగాలన్నా, పశువుల కొట్టం కడగాలన్నా, డాబా మీద వాన నీళ్లు కాలువ వైపు మళ్లించాలన్నా ఇదే. ఈనె గట్టిది, నీళ్లను పెద్దగా పీల్చుకోదు, ఆరితే మళ్లీ మామూలే.

కొబ్బరి మట్టకు 200 నుంచి 250 దాకా ఆకులుంటాయి, ఒక్కో ఆకుకు నడుమ ఒక ఈనె. కాపుకొచ్చిన చెట్టు సుమారు నెలకో మట్ట చొప్పున రాలుస్తుంది. కాబట్టి ఈ చీపురు కోసం చెట్టుకు కొత్తగా గాటు పెట్టాల్సిన పని లేదు. రాలిన మట్టే చాలు. ఆకును రెండు పక్కలా కత్తితో చీరి ఈనె తీయడం, దాన్ని గీకి నున్నగా చేయడం కోనసీమ ఇళ్లలో ఆడవాళ్లు తీరిక వేళల్లో కూర్చుని చేసే పని. చూడ్డానికి తేలిక. చేసి చూస్తే వేళ్ల కొసలు మండిపోతాయి.

అందుకే ఈ చీపుళ్లలో తేడా అంతా గీకడంలోనే ఉంటుంది. ఈనెకు ఆకు పేలికలు అంటుకుని ఉంటే అవి నానిపోయి చీపురు త్వరగా కుళ్లు వాసన వేస్తుంది. శుభ్రంగా గీకిన ఈనె నున్నగా మెరుస్తుంది. పచ్చి మట్ట నుంచి తీసిన ఈనె లేత రంగులో సాగుడుగా ఉంటుంది. ఎండి రాలిన మట్ట నుంచి తీసింది ముదురు గోధుమ రంగులో ఉంటుంది, చవక, కాస్త పెళుసు. రెండూ పనికొస్తాయి. ఏదైనా సరే నాలుగైదు ఈనెల కొసలు వంచి చూడండి. వంగి మళ్లీ నిటారైతే తీసుకోండి, టక్కున విరిగితే వదిలేయండి. మొదళ్లు నేలకు తట్టి సమంగా చేసి కట్టారా, లేక ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయా అన్నదీ చూడండి. ఎగుడుదిగుడుగా ఉంటే అరచేతిలో గుచ్చుకుంటాయి, వారం తిరక్కుండా జారడం మొదలుపెడతాయి.

కొన్ని రోజులకు ఈనెలు ఎండి సన్నబడతాయి, అప్పుడు ఎంత మంచి కట్టయినా వదులవుతుంది. పారేయకండి. పిడి నడుమ ఒక చెక్క మేకు దిగ్గొడితే మళ్లీ బిగుసుకుంటుంది. లేదంటే పైన కొబ్బరి తాడు ఒక వరస చుట్టండి. బాగా ఎండిపోయి విరుగుతున్న చీపురును వాడే ముందు కాసేపు నీళ్లలో ఉంచితే సాగుడు వస్తుంది.

ఇంటి లోపల మాత్రం దీన్ని వాడొద్దంటాను. సన్న దుమ్మును వదిలేస్తుంది. పాలిష్ పట్టిన మార్బుల్ మీద, రంగు వేసిన గచ్చు మీద గట్టి కొసలు గీతలు పెట్టే అవకాశం ఉంది. బాత్రూమ్ టైల్స్ మధ్య గాడుల్లో మురికి తీయడానికైతే సగం అరిగి పొట్టిదైన ఈనెల చీపురును మించింది లేదు. గట్టిపడిన ఆ పొట్టి కొసలే అక్కడ కావలసింది.

ఈత చీపురు

నాకు ఈ మూడింటిలో దీని మీదే మమకారం ఎక్కువ, దీన్నే జనం మర్చిపోతున్నారు కూడా. పట్నాల్లో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది దీన్ని చూసి ఉండరు.

ఈత మట్టలు కోసి, మొదట్లో ఉండే ముళ్లు తీసేసి, ఎండబెట్టి, కర్రతో బాదుతారు. బాదేకొద్దీ ఆకు సన్నని పోగులుగా చీలుతుంది. వాటిని గుత్తిగా చేర్చి పిడి కడతారు. ఎరుకల కుటుంబాలు బుట్టల అల్లికతో పాటు తరతరాలుగా చేస్తున్న పని ఇది. ఎరుకలలో ఈత పుల్లల వారు అనే శాఖ ఒకటి ఉందంటే ఈ చెట్టుతో వాళ్ల బతుకు ఎంతగా ముడిపడిందో తెలుస్తుంది. గుట్టల మీద పొట్టిగా పెరిగే చిట్టీత ఆకుతోనూ చీపుళ్లు కడతారు.

ఈత చీపురు కొండ చీపురంత మెత్తన కాదు, ఈనెల చీపురంత గట్టిది కాదు. ఈ నడిమి గుణమే దాని బలం. షాబాదు బండలు, తాండూరు నాపరాళ్లు, పాత సిమెంటు గచ్చు, పేడతో అలికిన మట్టి నేల, ఇవన్నీ దీని చోట్లు. గరుకులో కొండ చీపురు అరిగిపోతుంది, పుల్లల చీపురు అలికిన నేలను గీకేస్తుంది. ఈత పోగు రెండింటికీ తట్టుకుని దుమ్మును ముందుకు తోస్తుంది. కాస్త తడి తగిలినా బెదరదు, తడిస్తే ఇంకా మెత్తబడుతుంది. వరండా ఊడ్చి, చివర్లో గుమ్మం దగ్గర నీళ్లు కూడా తోసేయాలంటే ఒక్క చీపురుతో అయిపోతుంది. అయితే నీళ్లలో నానబెట్టి వదిలేయకూడదు. పని అవగానే విదిలించి ఎండలో పెట్టాలి.

మంచి ఈత చీపురును చీలికను బట్టి గుర్తుపట్టాలి. బాగా బాదినదైతే పోగులు సన్నగా, సమంగా ఉంటాయి. తొందరపడి బాదినదైతే వెడల్పు ఆకులు అలాగే మిగిలిపోయి ఊడ్చేటప్పుడు చారలు వదులుతాయి. ఎక్కడైనా ముల్లు మిగిలిందేమో వేలితో జాగ్రత్తగా తడిమి చూడండి. కొత్త చీపురు లేత ఆకుపచ్చగా, పచ్చి ఆకు వాసనతో ఉంటుంది, వాడగా వాడగా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మార్పు చూసి పాతదైందని పారేయకండి, బలం తగ్గదు.

దొరకడమే కష్టమవుతోంది. సూపర్‌మార్కెట్లలో ఉండదు. వారం సంతల్లో, ఊళ్లమ్మట తిరిగి అమ్మేవాళ్ల దగ్గర అడగాలి. గరుకు బండల ఇల్లున్న ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే: కొండ చీపురు మీద పెట్టే డబ్బులో సగం పెట్టి ఈత చీపురు ఒకసారి వాడి చూడండి.

పొలం దగ్గర, ఎర్రమట్టి వాకిట్లో

మెట్ట నేలల్లో చీపురు గడ్డి అని సన్నటి గడ్డి దానంతట అదే పెరుగుతుంది. దాన్ని కోసి కట్టుకున్నది మట్టి ఇళ్లలో బాగా పనికొస్తుంది. కళ్లం ఊడవడానికి, పెద్ద వాకిట్లో ఆకులలములు లాగడానికి కంది కట్టెతో కట్టిన పొరక చాలు. కంది కొట్టాక మిగిలిన కట్టెకు ఖర్చేమీ లేదు, నాలుగు కట్టుకుని పెట్టుకుంటే మళ్లీ కంది చేతికొచ్చేదాకా వస్తాయి. వీటిని కొనాల్సిన పనే లేదు కాబట్టి ఎంపిక గొడవా లేదు.

ప్లాస్టిక్ చీపురుతో పోలిస్తే

ప్లాస్టిక్ చీపురుకు ఉన్న మంచి ఒప్పుకోవాలి. పొట్టు రాలదు, తడికి కుళ్లదు, సబ్బుతో కడగవచ్చు. నిత్యం తడిగా ఉండే బాత్రూమ్‌కు ఎవరైనా అది కొంటే నేను కాదనను. హాల్లో, పడగ్గదుల్లో మాత్రం నచ్చదు. పోగులు కొద్ది రోజులకు వంకర తిరుగుతాయి, తిరిగాక దుమ్ము కిందే ఉండిపోతుంది. వెంట్రుకలు పోగులకు పట్టుకుని వదలవు. డాబా మీద ఎండలో వదిలేస్తే పెళుసెక్కి తునకలుగా విరుగుతుంది, ఆ తునకలు వాన నీళ్లతో కాలువలోకి పోతాయి, ఎన్నటికీ మట్టిలో కలవవు. అరిగిన ఈత చీపురును, ఈనెల చీపురును పొయ్యిలో పెట్టవచ్చు, ఎరువు గుంతలో వేయవచ్చు. కొండ చీపురు కూడా అంతే, ముందు దాని పిడికి చుట్టిన ప్లాస్టిక్ గొట్టం, టేపు, తీగ ఊడదీసేయాలి.

నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు

రకం కన్నా పొడుగు ముఖ్యం. కొండ చీపుళ్లలోనే పొడుగు కంకులతో కట్టినవి వేరే ఉంటాయి, పెద్దవాళ్లకు అవే కొనాలి. ఈనెల చీపురుకు వెదురు కర్ర గుచ్చి బిగిస్తే నిలబడి వాకిలి ఊడవవచ్చు. వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో చూసేది అలాంటిదే. చీపురు బరువు కూడా చేత్తో తూచి చూడండి. లావుపాటి చీపురు త్వరగా ఊడుస్తుందని కొనుక్కుని, మణికట్టు నొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను. ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉంటే ఆమెనే అడిగి కొనండి. రోజూ వంగేది ఆమె నడుమే.

ఇంటిని బట్టి

అపార్ట్‌మెంట్‌లో టైల్స్ ఇల్లయితే లోపలికి కొండ చీపురు, బాల్కనీకి, బాత్రూమ్‌కు చిన్న ఈనెల చీపురు, అంతే. పల్లెలో వాకిలి, కొట్టం ఉన్న ఇంటికి ఈనెల చీపుళ్లు రెండు: వాకిలికి ఒకటి, కొట్టానికి ఒకటి, కలపకూడదు. లోపల బండలయితే ఈత చీపురు, టైల్స్ అయితే కొండ చీపురు. అద్దెకు దిగి, ఒక్కటే కొనగలిగే కుర్రాళ్లకు ఈత చీపురు దొరికితే అదే మేలు. దొరక్కపోతే కొండ చీపురు కొనుక్కుని, దాన్ని తడిలోకి తీసుకెళ్లకుండా చూసుకోవాలి.

చీపురును నిలబెట్టకూడదు, కాలితో తొక్కకూడదు, అది లక్ష్మి అని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. కొండ చీపురు విషయంలో ఆ మాట అక్షరాలా పాటించండి. కుచ్చు కింద పెట్టి నిలబెడితే దాని బరువుకే కొసలు ఒక పక్కకు వంగి, మళ్లీ సరి కావు. పడుకోబెట్టండి, లేదా పిడికి తాడు కట్టి మేకుకు తగిలించండి. కొసలు అరిగిన కొండ చీపురును పొడుగు కర్రకు కట్టుకుంటే పండగ ముందు బూజు దులపడానికి అదే పనికొస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు కొండ చీపురు ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది, కాబట్టి సూట్‌కేసులో చోటు చేసుకోవాల్సిన పని లేదు. ముఖ్యంగా ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు గడ్డితో, ఆకుతో చేసిన ఏ వస్తువునైనా విమానాశ్రయంలో డిక్లేర్ చేసి తీరాలి. అమెరికాలో అయితే అక్కడి సొంత గడ్డి చీపురే ఉంది. జొన్న జాతి మొక్క కంకులతో చేసి, వాటిని బల్లపరుపుగా పరిచి దారంతో కుట్టి, పొడుగు కర్ర బిగిస్తారు. కార్న్ బ్రూమ్ అని అడగండి. మసాచుసెట్స్‌లోని హాడ్లీ ఊళ్లో 1797 ప్రాంతంలో ఈ చీపురు తయారీ మొదలైందని చెబుతారు, బల్లపరుపుగా కుట్టే పద్ధతి షేకర్లు అనే అక్కడి క్రైస్తవ శాఖవాళ్ల నుంచి వచ్చింది. మన ఈత చీపురులాగే నడిమి రకం ఇది: గరాజ్‌కు, డెక్‌కు, ఇంటి ముందు మెట్లకు బాగుంటుంది. లోపలి చెక్క నేలకు మాత్రం కొండ చీపురే మెత్తన.